బెంగళూరులో పాతకాలపు చెకుముకి తుపాకిని చేత్తో చేసుకోవచ్చా?

మూతిలోంచి మందు కూరే పాత అమెరికన్ రైఫిల్‌ను అపార్ట్‌మెంట్‌లోనే చేత్తో చేయాలని ఉందని, గొట్టం ఎక్కడ దొరుకుతుందని అడిగారు. నాలుగేళ్ల కిందట ఇదే కోరిక నాకూ పట్టింది. గొట్టం మాట పూర్తిగా వదిలేయమని మొదటే చెప్తున్నాను.

నాకు ఈ విషయం తెలిసింది పీణ్యలోని ఒక లేత్ షాపులో. కొలతలు గీసిన కాగితం తీసుకుని వెళ్లాను. షాపాయన హిందూపురం వైపు పెద్దాయన. కాగితం చూసి వెనక్కి జరిపేశాడు. "ఇది పైపు కాదు నాయనా, తుపాకి గొట్టం. నేను చేయి పెట్టను. నువ్వూ పెట్టొద్దు" అన్నాడు. ఇంటికొచ్చి 1959 ఆయుధాల చట్టం చదివితే టెన్షన్ పట్టుకుంది. ఐదో సెక్షన్ ప్రకారం లైసెన్స్ లేకుండా తయారుచేయడమే నేరం. అమ్మకపోయినా, ఒక్కసారి కూడా పేల్చకపోయినా అంతే. 2019 సవరణ తర్వాత కనీసం ఏడేళ్ల జైలు, యావజ్జీవం దాకా పడొచ్చు. విడిభాగాలూ ఆ చట్టం కిందికే వస్తాయి. అమెరికాలో ఫెడరల్ చట్టం ఈ రకం తుపాకులను పురాతన వస్తువుల కింద చూస్తుంది కాబట్టి అక్కడివాళ్లు కిట్ తెప్పించుకుని వీడియోలు చేస్తారు. అది చూసి ఇక్కడ కుదురుతుందనుకోకూడదు. కొడగువాళ్లకు లైసెన్స్ నుంచి మినహాయింపు ఉంది కదా అని మీకు ఎవరైనా చెప్పొచ్చు. ప్రస్తుతం 2029 వరకూ ఉన్న ఆ మినహాయింపు తుపాకి ఉంచుకోవడానికే, తయారుచేయడానికి కాదు.

అయితే మీకు నచ్చిన అసలు పని పోయిందనుకోకండి. 18వ శతాబ్దంలో పెన్సిల్వేనియాలో స్థిరపడ్డ జర్మన్ పనివాళ్లు ఈ పొడవాటి రైఫిళ్లకు పేరు తెచ్చారు. వాళ్లలో చాలామంది రాయి కొట్టే మీట యంత్రాన్ని, అంటే లాక్‌ను, ఇంగ్లండ్ నుంచి వచ్చింది కొని బిగించేవారు. కొయ్య, అంటే గొట్టాన్ని పట్టి ఉంచే చెక్క భాగం, మాత్రం సొంతంగా చెక్కేవారు. మా తాత చుట్ట ముట్టించుకోవడానికి వాడిన చెకుముకి రాయి, ఉక్కుముక్క ఉంటాయే, ఆ లాక్‌లో జరిగేది కూడా అదే. రాయి ఉక్కు మీద గీసుకుని నిప్పురవ్వలు రాలుస్తుంది.

నేను చేసింది మొత్తం చెక్కతోనే. గొట్టం స్థానంలో ఎనిమిది పలకల నిండు కర్ర పెట్టాను. దానికి రంధ్రం లేదు. లాక్ కదలని బొమ్మ. దాన్ని చన్నపట్న నుంచి తెచ్చిన కర్రతో చెక్కాను. అక్కడ ఆలె మర అంటారు, మన ఏటికొప్పాక బొమ్మల అంకుడు కర్రే అది. సన్నటి పని చేసినా పెళుసుగా విరగదు.

అన్నిటికంటే కష్టం, అన్నిటికంటే ఆనందం ఆ ఎనిమిది పలకల కర్రను కొయ్యలో కూర్చోబెట్టడం. ముందు సుమారుగా గాడి తీస్తారు. తర్వాత కర్రకు దీపపు మసి పూసి గాడిలో పెట్టి నొక్కి, పైకి తీస్తారు. ఎక్కడ తగులుతోందో అక్కడ నల్లమచ్చ పడుతుంది. ఆ మచ్చను మాత్రమే ఉలితో పొరలా తీసేయాలి. మళ్లీ మసి, మళ్లీ నొక్కడం. తొందరపడి మచ్చ లేనిచోట ఉలి పెట్టామా, సందు ఏర్పడి అలాగే ఉండిపోతుంది. నాకు మూడు వారాల సాయంత్రాలు పట్టింది. చివరికి కాగితం కూడా దూరనంతగా కూర్చున్నప్పుడు మా ఆవిడను పిలిచి చూపించాను. గోరుతో సందు వెతికి, "దొరకలేదండీ" అంది.

అదంతా రెండో కొయ్య. మొదటిది విరిగింది. మైసూరు రోడ్డు టింబర్ యార్డులో టేకు చెక్క అందంగా ఉందని కొనేశాను, నార, అంటే చెక్కలోని పోగుల గీతలు, ఎటు పోతోందో చూడలేదు. చెయ్యి పట్టుకునే సన్నటి చోటును పనివాళ్లు మణికట్టు అంటారు. నార ఆ మణికట్టుకు అడ్డంగా కోసుకుంటూ పోతే చెక్క ఎంత మంచిదైనా అక్కడ నిలవదు. నాది రంపపు పని అంతా అయ్యాక, ఆకురాయి పడుతుండగా టప్పుమంది. కొనేముందు చెక్క పక్క అంచు చూడండి. గీతలు మణికట్టు వంపు వెంట సాగాలి. ఆ ఒక్క విషయంలో యార్డువాళ్లు విసుక్కున్నా వదలొద్దు.

ఆ పెన్సిల్వేనియా పనివాళ్లు వాడిన మేపుల్ కర్ర ఇక్కడ యార్డుల్లో నాకు దొరకలేదు. వాళ్లు ఇనుము కరిగించిన నత్రికామ్లం పూసి, వేడి చూపించి దాని చారలకు రంగు తెప్పించేవారు. ఫ్లాట్‌లో ఆ ఆమ్లం జోలికి వెళ్లకండి. అవిసె నూనె పలుచగా ఐదు పూతలు వేశాను, ఒక్కో పూతకూ పూర్తిగా ఆరనిచ్చాను. టేకుకు అది చాలు. నూనె తుడిచిన గుడ్డల్ని మాత్రం ముద్దగా చుట్టి పడేయకండి, వాటంతటవే అంటుకుంటాయి. పరిచి ఆరబెట్టండి.

బొమ్మకు నల్లరంగు వేయకండి, బయటికి తీసుకెళ్లకండి. దూరం నుంచి చూసినవాళ్లకు అది తుపాకే. బొమ్మను పేలేలా మార్చడం ఆరో సెక్షన్ కింద మళ్లీ లైసెన్స్ వ్యవహారం.

అప్పుడే ఐదడుగుల చెక్క కొనొద్దు. అడుగున్నర ముక్క మీద మణికట్టు ఒక్కటీ చెక్కి, అంచు కనిపించేలా ఫొటో పెట్టండి. ఉలి ఏ వైపు నుంచి నడపాలో చూసి చెప్తాను.