వీడియో ఈఈజీకి అడ్మిట్ అవుతున్నారా? ఇంట్లో టాబ్లెట్లు ఆపొద్దు

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. మా చెల్లెకు 22 ఏళ్లు. పదమూడో ఏట నుంచి ఫిట్స్ వస్తున్నాయి. రెండు రకాల టాబ్లెట్లు టైముకు వేసుకుంటున్నా నెలకు మూడు నాలుగు సార్లు వస్తూనే ఉన్నాయి, ఎక్కువగా తెల్లవారుజామున. ఎటో చూస్తూ పెదాలు చప్పరిస్తుంది, చేత్తో చున్నీ నలుపుతుంది. అప్పుడప్పుడు ఒళ్లంతా కొట్టుకుంటుంది. వరంగల్‌లో చూసే డాక్టర్ గారు హైదరాబాద్‌లో ఐదు రోజులు అడ్మిట్ అయి వీడియో ఈఈజీ చేయించుకోమన్నారు. అక్కడ మందులు ఆపి ఫిట్స్ తెప్పిస్తారట. ఎలాగూ ఆపుతారు కదా, రెండు రోజుల ముందు నుంచే ఇంట్లో ఆపేస్తే పని తొందరగా అవుతుందని బంధువులు అంటున్నారు. తలకు కరెంటు పెడతారా? జుట్టు తీసేస్తారా? ఏమేం తీసుకెళ్లాలి? తోడుగా నేనే వెళ్దామనుకుంటున్నా. పెళ్లి సంబంధాలు కూడా చూస్తున్నాం, ఈ టెస్టుతో ఏమన్నా ఇబ్బందా?
– ఒక పాఠకుడు, వరంగల్ జిల్లా

జవాబు: వీడియో ఈఈజీ అంటే మెదడులో పుట్టే సంకేతాలను, ఫిట్ వచ్చే తీరును కెమెరాతో కలిపి రికార్డు చేసే టెస్టు. ముందు బంధువుల సలహా సంగతి. ఇంట్లో ఒక్క డోసు కూడా ఆపొద్దు. అడ్మిట్ అయ్యే రోజు పొద్దున వేసుకోవాల్సినవి కూడా వేసుకునే బయల్దేరాలి. ఆస్పత్రి వాళ్లు కాగితం మీద వేరేలా రాసిస్తే తప్ప ఇందులో మార్పు లేదు. టాబ్లెట్లు ఉన్నట్టుండి ఆపితే ఎప్పుడూ చూసే చిన్న ఫిట్ బదులు ఒళ్లంతా కొట్టుకునే పెద్ద ఫిట్ రావచ్చు, ఒకటి తగ్గకముందే ఇంకోటి మొదలవ్వచ్చు. అది బస్సులోనో, కాజీపేట ప్లాట్‌ఫారం మీదో వస్తే మీ చేతిలో ఏముంటుంది? వార్డులో మందు తగ్గించేది చేతికి క్యాన్యులా, అంటే మందు ఎక్కించే సన్నటి గొట్టం, పెట్టి, ఆక్సిజన్, ఫిట్‌ను ఆపే లోరాజెపామ్ ఇంజెక్షన్ పక్కన ఉంచుకుని, కెమెరాలో చూసే మనిషిని కూర్చోబెట్టుకుని. ఫిట్ ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకముందే మళ్లీ వచ్చినా వెంటనే మందు ఎక్కిస్తారు. పైగా దారిలో వచ్చిన ఫిట్ రికార్డు కాదు. ప్రమాదం మీకు మిగులుతుంది, టెస్టుకు ఏమీ మిగలదు.

ఏ మందు ఎంత తగ్గించాలన్నది కూడా అందరికీ ఒకటి కాదు. గార్డినాల్, క్లోబజామ్, క్లోనజెపామ్ లాంటివి ఒక్కసారిగా ఆపితే ఆపడం వల్లే ఫిట్స్ వస్తాయి. వాటిని చాలా నెమ్మదిగా తగ్గిస్తారు, లేదా అసలు ముట్టుకోరు. మొదటి రోజు పూర్తి డోసు మీదే రికార్డు చేసి, మర్నాటి నుంచి తగ్గించడం చాలాచోట్ల పద్ధతి.

ఇంతకీ ఫిట్ తెప్పించడం ఎందుకు? మామూలు ఈఈజీ 20 నుంచి 30 నిమిషాలు. ఆ అరగంటలో ఫిట్ రావడం అరుదు. రిపోర్టు నార్మల్ అని వచ్చినంత మాత్రాన మూర్ఛ లేదని అర్థం కాదు. రెండు సరైన మందులు సరైన మోతాదులో వాడినా ఆగకపోతే దాన్ని మందులకు లొంగని మూర్ఛ అంటారు. అప్పుడు తేలాల్సినవి మూడు: ఇది నిజంగా మూర్ఛేనా, మెదడులో ఏ వైపు ఎక్కడ మొదలవుతోంది, ఆపరేషన్‌తో తగ్గే రకమా. పెదాలు చప్పరించడం, బట్ట నలపడం లాంటివి చూస్తే చెవి పైభాగాన ఉండే టెంపొరల్ లోబ్ అనే మెదడు భాగం మీదికి అనుమానం పోతుంది. ఉత్తరం చదివి అంతకు మించి చెప్పడం సరికాదు. చూసి తేల్చడానికే ఈ టెస్టు.

తలకు కరెంటు పెట్టరు. మెదడులో సహజంగా పుట్టే సంకేతాలను పైనుంచి పట్టుకుని రాసుకోవడమే. తల మీద 20కి పైగా చిన్న లోహపు బిళ్లలు, ఎలక్ట్రోడ్లు అంటారు, అంటిస్తారు. ఛాతీ మీద గుండె కోసం మరొకటో రెండో. జుట్టు తీయరు, పాయలు విడదీసి చర్మానికి అంటిస్తారంతే. నూనె ఉంటే మాత్రం అవి నిలవవు. సిగ్నల్ శుభ్రంగా రావాలంటే చర్మానికీ బిళ్లకూ మధ్య అడ్డు, అంటే రెసిస్టెన్స్, ఐదు కిలో ఓంల లోపు ఉండాలని చూస్తారు. కొబ్బరి నూనె పొర ఉంటే అది కుదరదు, రాత్రికల్లా బిళ్లలు జారిపోతాయి. కాబట్టి రెండు రోజుల ముందే నూనె మానేయండి. ముందు రాత్రి షాంపూతో రెండుసార్లు తలస్నానం చేయించి పూర్తిగా ఆరనివ్వాలి. కండిషనర్ వద్దు, సవరం వద్దు, బిగించిన జడ వద్దు. ఆ ఐదు రోజులు తలస్నానం ఉండదు, ఒళ్లు తడిగుడ్డతో తుడుచుకోవడమే.

బట్టలు ముందు గుండీలున్నవే పెట్టండి. తల మీంచి తొడిగే టీషర్టు, కుర్తా వైర్లతో పట్టవు. గాజుగాజులు ఇంట్లోనే తీసేయాలి, ఫిట్‌లో పగిలితే కోసుకుంటాయి. మెడలో నల్లదారం, తాయత్తు ఉంటే భుజానికో నడుముకో మార్చండి. టీ తాగడానికి గాజు గ్లాసు కాకుండా స్టీలుది, అదీ గోరువెచ్చగా అయ్యాకే.

టాబ్లెట్లు ఐదు రోజులకు కాదు, పది రోజులకు సరిపడా, స్ట్రిప్పులతో సహా తీసుకెళ్లండి. అదే కంపెనీ, అదే పవర్ ఆస్పత్రి ఫార్మసీలో దొరకకపోవచ్చు. చేరగానే నర్సుకు అప్పగించండి. ఒక మాట గట్టిగా చెప్పాలి: డోసు తగ్గించారని భయపడి రాత్రిపూట ఇంటివాళ్లే చాటుగా టాబ్లెట్ వేస్తుంటారు. ప్రేమతోనే, కాదనను. దాంతో ఫిట్ రాదు, డాక్టరేమో ఇంకా తగ్గిస్తూ పోతారు, లెక్కంతా తప్పుతుంది. భయమేస్తే డ్యూటీ డాక్టర్‌ను పిలిచి అడగండి.

పాత ఎంఆర్ఐ రిపోర్టుతో పాటు సీడీ కూడా కావాలి. ఇప్పటిదాకా వాడి మానేసిన మందులు, ఎందుకు మానేశారో, దేనికైనా దద్దుర్లు వచ్చాయా రాసుకెళ్లండి. చిన్నప్పుడు జ్వరంతో ఫిట్స్ వచ్చాయా, పుట్టగానే ఏడ్చిందా, తలకు దెబ్బ తగిలిందా అని అడుగుతారు. నెలసరి తేదీలు, ఫిట్స్ వచ్చిన తేదీలు ఒకే క్యాలెండర్‌లో గుర్తుపెట్టండి. తల మీద వేడినీళ్లు పోసుకున్నప్పుడు ఫిట్ వచ్చే రకం ఒకటుంది, మన దక్షిణాదిలో కనిపిస్తుంది. అలాంటిది ఉంటే తప్పకుండా చెప్పాలి. ఇంట్లో ఫోన్‌తో తీసిన ఫిట్ వీడియో ఉంటే అది అన్నిటికంటే విలువైన కాగితం అనుకోండి. ఆధార్, ఆరోగ్యశ్రీ కార్డు పెట్టుకోండి. ఈ టెస్టు అందులో వస్తుందో రాదో చేరకముందే ఆ ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి.

తోడు ఎవరు? మీరు వెళ్తానంటున్నారు, సంతోషం. కానీ తెల్లవారుజామున వచ్చే ఫిట్స్‌ను ఎక్కువగా చూసింది బహుశా మీ అమ్మగారు. ‘ఇది ఎప్పుడూ వచ్చేదే, ఇది కొత్తది’ అని చెప్పగలిగే మనిషి ఆ గదిలో ఉండాలి. పగలొకరు రాత్రొకరు ఉంటే మేలు. ఒక రాత్రి పేషంట్‌ను నిద్రపోనివ్వకుండా కూర్చోబెట్టే అవకాశం కూడా ఉంది, నిద్ర తక్కువైతే ఫిట్స్ బయటపడతాయి.

ఫిట్ మొదలవగానే తోడున్నవాళ్లు చేయాల్సింది ఇదీ. ముందు ఫిట్ వచ్చిందని తెలిపే బటన్ నొక్కాలి. దుప్పటి తీసేయాలి, లైటు వేయాలి, కెమెరాకు అడ్డం రాకుండా మంచం పక్కకు నిలబడాలి. కంగారులో అందరూ మీద పడిపోయి చేతులు పట్టుకుంటారు. దాంతో రికార్డులో పేషంట్ బదులు మీ వీపు కనిపిస్తుంది. ఏ చెయ్యి బిగుసుకుంది, తల ఎటు తిరిగింది, తేరుకున్నాక ముక్కు ఏ చేత్తో తుడుచుకుంది, ఇవన్నీ ఫిట్ ఏ వైపు మొదలైందో చెప్పే ఆనవాళ్లు. పేరు పెట్టి పిలవండి, రెండు చేతులూ ఎత్తమనండి, ఒక మాట చెప్పి గుర్తుపెట్టుకోమనండి. అయిపోయాక పెన్ను చూపించి ఇదేంటని అడగండి. మాట తెలిసి కూడా చెప్పలేక తడబడితే, భాష ఉండే వైపు, చాలామందికి అది ఎడమ, ఫిట్ ప్రభావం పడిందని అనుమానిస్తాం. ఒళ్లంతా కొట్టుకుంటే బటన్ నొక్కాక ఈ ప్రశ్నలేవీ వద్దు. పక్కకు తిప్పి, నర్సు వచ్చేదాకా తల కింద మెత్తటిది పెట్టండి. నోట్లో చెంచా, చేతిలో తాళాలు, ముక్కు దగ్గర ఉల్లిగడ్డ, ఇవి ఊళ్లోనే వద్దు, వార్డులో అసలే వద్దు.

వార్డులో జరిగే ప్రమాదాల్లో ఎక్కువ మాట్లాడాల్సింది పడిపోవడం గురించి. బాత్రూంకు ఒంటరిగా పంపొద్దు, గడియ పెట్టుకోనివ్వొద్దు. మంచం పక్క కడ్డీలు ఎప్పుడూ పైకే. పెద్ద ఫిట్ తర్వాత భుజం నొప్పి, నడుం నొప్పి అంటే తేలిగ్గా తీసుకోవద్దు. భుజం జారడం, వెన్నుపూస నలగడం ఉంటాయి, ఎక్స్‌రే అడగండి. చిన్నచిన్న చికాకులు సరేసరి: ఫోన్ చార్జింగ్‌లో పెట్టి పక్కన ఉంచుకుంటే 50 హెర్ట్‌జ్ కరెంటు గోల రికార్డులో పడొచ్చు, చూయింగ్ గమ్ నమిలితే దవడ కండరాల గీతలు ఈఈజీని కప్పేస్తాయి, చెమట పడితే గీత ఊగుతుంది.

ఐదు రోజులూ ఫిట్ రాకపోవచ్చు. అప్పుడు కూడా నిద్రలో ఈఈజీ అలల్లో కనిపించే తేడాలు పనికొస్తాయి. అయితే మళ్లీ రమ్మనే అవకాశం ఉంది. ఒక్కటి వచ్చినా చాలదంటారు, ఆపరేషన్ ఆలోచన ఉంటే ఒకే తీరువి రెండు మూడైనా కావాలి.

డిశ్చార్జ్ రోజున ఏ టాబ్లెట్ ఎంత, ఎప్పుడు అన్నది తేదీలతో రాయించుకోండి. రక్తంలో మందు మళ్లీ స్థిరపడేదాకా కొద్ది రోజులు ఫిట్ వచ్చే అవకాశం ఎక్కువే. బాయి గడ్డకు, చెరువుకు ఒంటరిగా పంపొద్దు, పొయ్యి దగ్గర ఒక్కతే ఉండకూడదు. వరసగా ఫిట్స్ వచ్చిన కొందరిలో ఒకటి రెండు రోజులు బాగానే ఉండి, తర్వాత నిద్ర పట్టక, లేనిపోని అనుమానాలతో వింతగా మాట్లాడటం మొదలవుతుంది. అరుదు. కానీ కనిపిస్తే ‘గాలి సోకింది’ అనుకుని ఎక్కడికో తీసుకెళ్లకుండా అదే రోజు డాక్టర్‌కు ఫోన్ చేయండి, మందుతో తగ్గిపోతుంది. జుట్టుకు అంటిన పేస్టు గోరువెచ్చటి నీళ్లకు పోతుంది. కొలోడియన్ జిగురు వాడి ఉంటే అసిటోన్‌తో వార్డులోనే తీయించుకుని రండి.

పెళ్లి సంగతి: టెస్టు వల్ల ఏ ఇబ్బందీ లేదు, మూర్ఛ ఉన్నవాళ్లు పెళ్లి చేసుకోవచ్చు, పిల్లల్ని కనవచ్చు. మీరు మందుల పేర్లు రాయలేదు. వాటిలో సోడియం వాల్‌ప్రోయేట్ ఉంటే మాత్రం ఇప్పుడే న్యూరాలజిస్ట్‌తో మాట్లాడండి. గర్భంలో బిడ్డకు అవయవ లోపాలు, ఎదుగుదల సమస్యలు వచ్చే అవకాశం ఈ మందుతో ఎక్కువ కాబట్టి, మార్చడానికి వీలుంటే పెళ్లికి చాలా ముందే మారుస్తారు. అది కూడా డాక్టర్ చెప్పిన లెక్క ప్రకారమే, మీ అంతట మీరు ఆపి కాదు.