రెండు రూపాయల వడ్డీకి తెరచాప పడవా?

ప్రశ్న: మాది అమలాపురం. నాకు 36 ఏళ్లు. రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్‌లో సూపర్‌వైజర్‌ని. నెలకు 58,000 చేతికొస్తుంది. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, అమ్మ. ఇంటి ఖర్చు 36,000, చీటీ 10,000 పోను 12,000 మిగులుతుంది. బ్యాంకులో 1,10,000 ఉంది. హైదరాబాద్‌లో 18 అడుగుల పాత ఫైబర్ తెరచాప పడవ ట్రైలర్‌తో సహా 2,20,000కు వస్తోంది. 20 నెలల 2 లక్షల చీటీలో ఇది ఏడో నెల. ఇప్పుడు పాడుకుంటే 1,55,000 వస్తుంది, మిగతాది బ్యాంకులోంచి తీస్తాను. కొత్త తెరచాపలకు, చిన్న ఇంజిన్‌కు తెలిసినాయన నోటు మీద రెండు రూపాయల వడ్డీకి లక్ష ఇస్తానన్నారు. శని, ఆదివారాల్లో యానాంలో పర్యాటకులను తిప్పితే వడ్డీ వచ్చేస్తుంది కదండీ? నోటు మేలా, బంగారం పెట్టడం మేలా?

జవాబు: "వడ్డీ వచ్చేస్తుంది కదా" అన్న ఆ ఒక్క మాట కోసమే మీ ఉత్తరం తీసుకున్నాను. పడవకు బదులు ఆటో, కోత మిషను, రెండో చెరువు, ఏది రాసినా లెక్క ఇలాగే ఉంటుంది. సంపాదన ఇంకా పుట్టలేదు, వడ్డీ మాత్రం మొదటి నెల నుంచే నడుస్తుంది.

రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. లక్షకు 24,000 కట్టాక కూడా అసలు లక్ష అలాగే ఉంటుంది. చీటీలో వదులుకుంటున్న 45,000 కూడా వడ్డీయే, దాన్ని మీరు లెక్కలో వేయలేదు. పడవ ఇంటికొచ్చేసరికి బ్యాంకులో మిగిలేది 45,000. ఇంటి ఖర్చు, చీటీ, నోటు వడ్డీ కలిపితే నెలకు 48,000. అంటే ఒక్క జీతం ఆగితే ఆ నెల కూడా గడవదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు రొయ్యల వ్యాపారం ఎంత ఉలిక్కిపడిందో మీకు నేను చెప్పక్కర్లేదు. అలాంటి రంగంలో జీతం తీసుకునేవారికి ఆరు నెలల అత్యవసర నిధి లేకుండా కుదరదు. ఉద్యోగం ఆగినా చీటీ ఆగదు కాబట్టి దాన్నీ కలపండి. నెలకు 46,000 చొప్పున 2,76,000 కావాలి. మీ దగ్గరున్నది అందులో సగం కూడా కాదు. ఆ ఉన్నదాంట్లోంచే 65,000 తీస్తానంటున్నారు. వద్దండీ.

ఇక పర్యాటకుల మాట. జూలై నుంచి సెప్టెంబరు దాకా గోదావరి వరద. ధవళేశ్వరం దగ్గర విడుదల 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. అప్పుడు యానాం పక్కన పారే గౌతమి పాయలో చిన్న పడవ దించే ఆలోచనే ఉండకూడదు. తర్వాత అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. 1996 నవంబరు కోనసీమలో ఎవరూ మరిచిపోలేదు. ఏడాదిలో పడవ తిరిగేది సగం రోజులనుకోండి, వడ్డీ మాత్రం 12 నెలలూ కట్టాలి. పైగా డబ్బు తీసుకుని మనుషులను ఎక్కించుకుంటే మీది సొంత సరదా పడవ కాదు. ఇంజిన్‌తో నడిచే పడవకు సర్వే, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ ఉండాలని 2021 నాటి ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం చెబుతోంది. 2019లో కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగి ఎందరు పోయారో తెలిసి కూడా కాగితాలు లేకుండా ఎవరినీ ఎక్కించకండి. ఆ ఆదాయం లెక్కలో సున్నా వేయండి.

పడవ మోజు తప్పని నేననను. ట్రైలర్ మీద ఉండే పడవకు ఒక మేలుంది. నీళ్లలో కట్టేసి ఉంచక్కర్లేదు కాబట్టి అడుగున గుల్ల పట్టదు, వరదొస్తే ఇంటికి లాక్కోవచ్చు. కానీ పాత పడవ ఖర్చు కొన్న రోజుతో తీరదు. తెరచాప గుడ్డ బాగానే కనిపించినా ఎండకు కుట్లు ముందు వదిలేస్తాయి. స్తంభాన్ని నిలబెట్టే స్టీలు తీగలు బిగింపు దగ్గర లోలోపలే పగులుతాయి, ఒక్కటి తెగితే స్తంభం కూలి మీ మీద పడొచ్చు. డెక్ మీద తడుతూ నడవండి. బోలుగా మోగిన చోట ఫైబరు లోపలికి నీరు చేరి ఉండొచ్చు. ట్రైలర్ సంగతి అందరూ మరిచిపోతారు. హైదరాబాద్ నుంచి 400 కిలోమీటర్లకు పైగా లాగాలంటే టైర్లు, బేరింగులు ముందే చూపించాలి. వేడెక్కిన చక్రాలను వెంటనే నీళ్లలో దించితే బేరింగులు నీళ్లు పీల్చుకుంటాయి. యానాం దగ్గర నీరు ఉప్పన, వాటిని త్వరగా తినేస్తుంది. తిరిగొచ్చిన ప్రతిసారీ ఇంజిన్‌లో మంచినీళ్లు తిప్పాలి, తీగలు, చక్రాలు కడగాలి. ఫైబర్ పని తాళ్లరేవు వైపు పడవల పనివాళ్లకు చూపించి, ఎంతవుతుందో కొనకముందే కాగితం మీద రాయించుకోండి. ఆ అంకె లేకుండా బయానా ఇవ్వకండి.

చీటీ పాడుకోకండి, చివరిదాకా ఉంచండి. కమీషన్ పోను దాదాపు మొత్తం వస్తుంది, మధ్యలో డివిడెండూ, అంటే పాడుకున్నవాళ్లు వదులుకున్న దాంట్లో మీ వాటా, దక్కుతుంది. మిగిలే 12,000లోంచి ముందు మీకు టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే ఇంట్లోవాళ్లకు డబ్బొచ్చే బీమా), యాక్సిడెంట్ కవర్, కంపెనీ పాలసీలో లేకపోతే అమ్మగారికి ఆరోగ్య బీమా. స్తంభం ఎత్తేటప్పుడు పైన కరెంటు తీగలుంటే ప్రాణానికే ముప్పు, కాబట్టి టర్మ్ వాయిదా వేయొద్దు. మిగిలింది అత్యవసర నిధికి. ఏడాదిన్నరకు కాస్త అటూఇటూగా నిధి నిండుతుంది, చీటీ డబ్బూ చేతిలో ఉంటుంది. అప్పుడు పడవకు వేరే ఖాతా తెరిచి, కొన్నాక కూడా నెలకు 3,000 దాన్లో వేయండి.

మీ అసలు ప్రశ్నకు జవాబు: నోటు కన్నా బంగారం లోను చవక. స్నేహితుడితో కలిసి సగం సగం కొనడం ఇంకా చవక. అయినా నిధి నిండకముందు మూడూ వద్దు. ఇంకెవరో అడుగుతున్నారని అమ్మేవాళ్లు తొందరపెడితే ఇచ్చేసుకోమనండి. నోటు ఇస్తానన్నాయనకు ఈ వారమే వద్దని చెప్పండి.