మాక్‌బెత్ మూడో అంకం ఒక్కటే చదివితే అర్థమవుతుందా?

మీరు అడిగినది ఇదీ: డిగ్రీ సిలబస్‌లో షేక్‌స్పియర్ ‘మాక్‌బెత్’ నుంచి మూడో అంకం మాత్రమే ఇచ్చారు, మిగతా నాలుగు అంకాలూ చదవకుండా అది బోధపడుతుందా, పరీక్ష కోసం ఏ ఘట్టాన్ని గట్టిగా పట్టుకోవాలి? బోధపడుతుంది. ఆ నాటకంలో ఒకే ఒక్క అంకం చదివే వీలుంటే చదవవలసింది మూడోదేనని ముప్పై ఏళ్లుగా నా అభిప్రాయం. ముందు జరిగిన కథలో మీకు కావలసినది కొంచెమే. మాక్‌బెత్‌కు రాజ్యం వస్తుందనీ, అతని తోటి సేనాని బాంక్వోకు రాకపోయినా అతని సంతతి రాజులవుతుందనీ ముగ్గురు మంత్రగత్తెలు చెప్పారు. మాక్‌బెత్ తన ఇంటికి అతిథిగా వచ్చిన డంకన్ రాజును నిద్రలోనే పొడిచి చంపాడు. రాజు కొడుకులిద్దరూ ప్రాణభయంతో దేశం విడిచిపోగా నేరాన్ని వాళ్ల మీదికి నెట్టి సింహాసనం ఎక్కాడు. ఇంత తెలిస్తే చాలు, పుస్తకం తెరవండి.

తెరవమన్నది పుస్తకాన్ని, గైడును కాదు. ఈ అంకంలో మాక్‌బెత్ బాంక్వోను చంపిస్తాడు, చచ్చినవాడు దయ్యమై విందుకు వస్తాడు; బజారులో దొరికే గైడ్లన్నీ అంకాన్ని ఆ దయ్యం దగ్గర మొదలుపెట్టి దయ్యం దగ్గరే ముగిస్తాయి. ‘అపరాధ భావన వల్ల కలిగిన భ్రమ’ అని ఒక వాక్యం, ‘కథలో మలుపు’ అని ఇంకొకటి, ఇక ఆ రెంటినీ సాగదీసి నాలుగు పేజీలు. పదిహేను నిమిషాల వీడియోలు వచ్చాక అదీ పోయింది. పిల్లలు నాటకంలోని ఒక్క పంక్తి కూడా కంటితో చూడకుండా దాని మీద వ్యాసం రాసేస్తున్నారు. దయ్యం రాకముందే, మొదటి రంగంలోనే, పట్టపగలు, అందరి ఎదుటా భయం మాట్లాడుతుంది. అది మర్యాద గొంతుతో మాట్లాడుతుంది గనుక ఎవరికీ వినపడదు.

మా అమ్మమ్మ ఇంట్లోంచి ఎవరైనా బయలుదేరుతుంటే ‘ఎక్కడికి?’ అని అడగనిచ్చేది కాదు, అపశకునమట, ‘ఎందాకా?’ అనాలట. మాక్‌బెత్ సరిగ్గా అలాగే అడుగుతాడు. స్కాట్లండులోని ఫారెస్ కోటలో బాంక్వోను ముఖ్య అతిథి అని పలకరించి, రాత్రి విందుకు రమ్మని పిలిచి, ‘ఈ మధ్యాహ్నం స్వారీకి వెళుతున్నారా?’ అంటాడు. అయ్యో, సభలో మీ సలహా తీసుకుందామనుకున్నానే, సరే రేపు చూద్దాం అని కాస్త నొచ్చుకుని, ‘దూరమేనా?’ అంటాడు. విందు వేళకు తిరిగి వచ్చేంత దూరమే, గుర్రం చురుగ్గా నడవకపోతే చీకట్లో గంటో రెండు గంటలో రాత్రి దగ్గర అప్పు చేయవలసి వస్తుందని బాంక్వో జవాబిస్తాడు. ఇంగ్లండుకూ ఐర్లండుకూ పారిపోయిన రాకుమారుల కబురు కాసేపు నడుస్తుంది. ఇక సెలవు అన్నాక, గుమ్మం దాటబోతున్న మనిషిని పిలిచి చివర్లో గుర్తొచ్చినట్టుగా, ‘ఫ్లియాన్స్ కూడా మీతో వస్తున్నాడా?’ అంటాడు. ఫ్లియాన్స్ బాంక్వో కొడుకు. ఈ మూడు ప్రశ్నలనూ పక్కపక్కన పెట్టి చదివితే అది పోలీసు విచారణ. మధ్యలో విందు పిలుపూ రాజకార్యాలూ కలిపి అడిగితే ఆప్యాయత. ఏ వేళకు వస్తాడో, ఎంత దూరం పోతాడో, పక్కన ఎవరుంటారో హంతకులకు కావలసిన వివరమంతా బాంక్వో తన నోటితోనే చెప్పి గుర్రమెక్కుతాడు.

ఆ సంభాషణ మధ్యలో ఉన్న చిన్న వాక్యాన్ని గీత గీసి ఉంచుకోండి. ‘మా విందుకు తప్పకండి’ అని రాజు అంటాడు. ‘తప్పను ప్రభూ’ అని బాంక్వో అంటాడు.

బాంక్వో ఏమీ తెలియని అమాయకుడని కూడా అనుకోకండి. ఈ అంకంలో మొదటి మాట అతనిదే: నీకన్నీ దక్కాయి, అందుకు నువ్వు చాలా నీచమైన ఆట ఆడావని నా భయం, అని ఒంటరిగా అనుకుంటాడు. అనుమానం ఉన్నవాడు నోరు విప్పడెందుకు? తన పిల్లల గురించి మంత్రగత్తెలు చెప్పిన మాట కూడా నిజం కావచ్చన్న ఆశ వల్ల. అధికారంలో ఉన్నవాడి భయం గురించి అందరూ రాస్తారు గాని, పక్కన నిలబడి తన వంతు కోసం మౌనంగా ఉన్నవాడి గురించి రాసిన జవాబు పత్రం నా కంటికి ఇంతవరకు ఒక్కటీ కనబడలేదు.

ఇప్పుడు నాకు ఈ అంకం ఎలా పట్టుబడిందో చెబుతాను. నేను ఎం.ఏ. చదివిన కళాశాలలో మాకు షేక్‌స్పియర్ చెప్పిన మాస్టారు పాఠాన్ని వివరించేవారు కాదు, మా చేత పాత్రలు పంచి చదివించేవారు. మూడో అంకం నాలుగో రంగం, అంటే విందు, వచ్చిన రోజున మూడు పొడుగాటి బెంచీలను బల్లల చుట్టూ జరిపించారు. మాక్‌బెత్ నేను. ‘మీ మీ హోదాలు మీకు తెలుసు, కూర్చోండి’ అని నేను చదవగానే అందరూ కూర్చున్నారు. రాజు తలవైపు కూర్చోడు, రెండు వైపులా సమానంగా ఉన్నారు గనుక నేను మధ్యలో కూర్చుంటానంటాడు, కాబట్టి నా పుస్తకాల సంచీ మధ్య బెంచీ మీద పెట్టించారు. అంతలో తలుపు దగ్గరికి హంతకుడు వస్తాడు. నేను లేచి వెళ్లాను. పుస్తకంలో తల దూర్చి ‘నీ ముఖం మీద రక్తముంది’ అని చదివి, మామూలుగా తలెత్తి చూస్తే, ఆ పాత్ర చదువుతున్న మా సహాధ్యాయి చెంప మీద నిజంగానే ఎర్ర సిరా పూసుకుని నిలబడ్డాడు. నవ్వాపుకోలేక తర్వాతి పంక్తులు తడబడ్డాను.

ఆ పంక్తుల్లోనే ఇంకొక సంగతి ఉంది. మొదటి రంగంలో మాక్‌బెత్, రాజుగా ఉండడం ఏపాటి, క్షేమంగా ఉంటే కదా, అని వాపోతాడు. తలుపు దగ్గర అతను హంతకుణ్ని అడిగేది, ‘బాంక్వో క్షేమమేనా?’ అని. ‘క్షేమంగా గుంటలో ఉన్నాడు ప్రభూ, తల మీద ఇరవై గాట్లతో’ అని జవాబు. ఇంగ్లీషులో రెండు చోట్లా ఒకే మాట ఉంది. తెలుగులో ‘క్షేమం’ దానికి అతికినట్టు సరిపోతుంది, ఎందుకంటే మనం కూడా ఉత్తరం మొదట్లో అలవాటుగా రాసే మాట అదే. కుశల ప్రశ్న వేసే తీరులోనే చావు కబురు అడిగి తెలుసుకున్నాడు. ఫ్లియాన్స్ తప్పించుకున్నాడని విన్న మరుక్షణం ఆ క్షేమం చెదిరిపోయి, ఇరుకు గదిలో బంధించినట్టుంది నాకు, అంటాడు.

ఆ మాటలు అయ్యాక నేను వెనక్కి తిరిగి అతిథులను పలకరించి, బాంక్వో కూడా వచ్చి ఉంటే ఎంత బాగుండేదని వాక్యం చదివి, కూర్చోబోయాను. బెంచీ మీద చోటు లేదు. నా సంచీ కింద ఉంది. ముందు రోజు క్లాసులోనే చచ్చిపోయి, ఆ రోజు చదవడానికి ఒక్క ముక్క కూడా లేని బాంక్వో నా చోటులో ఒదిగి కూర్చుని ఉన్నాడు. చదివేది ఏమీ లేనివాణ్ని ఎవరు గమనిస్తారు? నాకు తర్వాతి వాక్యం ఏమిటో గుర్తు లేక, పుస్తకం చూడకుండానే, ‘మాస్టారూ, చోటు లేదండీ’ అన్నాను.

‘నీ తర్వాతి వాక్యం అదేనోయ్, ఇంగ్లీషులో చదువు’ అన్నారాయన.

పుస్తకంలో చూస్తే నిజంగానే అంతే ఉంది: బల్ల నిండిపోయింది. అరుపు లేదు, వణుకు లేదు. ఇదుగో మీ చోటు, ఇక్కడ ఉంచాం, అని లెనాక్స్ అనే ప్రభువు చూపిస్తే ‘ఎక్కడ?’ అంటాడు. పెళ్లి భోజనాల్లో బంతి నిండిపోయాక వచ్చి ఆకుల మధ్య వెతుక్కునేవాడి మాట అది. ఆ తర్వాతే, ‘మీలో ఎవరు చేశారీ పని?’ అన్న ప్రశ్నా, నెత్తుటి జుట్టు నా వైపు ఊపకన్న కేకా. వచ్చినవాడు పిలవని పేరంటానికి వచ్చిన దయ్యం కూడా కాదు. తప్పకండి అన్నారు, తప్పలేదు.

షేక్‌స్పియర్ ఇది కావాలనే చేశాడని నా గట్టి నమ్మకం. అతను కథ తీసుకున్న హాలిన్‌షెడ్ చరిత్ర గ్రంథంలో బాంక్వోను విందుకు పిలిచి, విందు అయ్యాక బసకు తిరిగి వెళుతుండగా చంపిస్తారు. దయ్యం ఊసే లేదు. హత్యను విందుకు ముందుకు జరపడం వల్లనే చచ్చినవాడు పిలుపును మన్నించి రాగలిగాడు. అదే గ్రంథంలో బాంక్వో డంకన్ హత్యలో తోడుదొంగ కూడా. అయితే 1603లో ఇంగ్లండు సింహాసనమెక్కిన జేమ్స్ రాజు బాంక్వోను తన మూలపురుషుడిగా చెప్పుకునేవాడు గనుక, 1606 ప్రాంతంలో నాటకం రాస్తున్నవాడు ఆ ముక్కను మెల్లగా తుడిచేశాడు. అధికారం మీద రాసిన నాటకం కూడా అధికారానికి జంకింది. దీని మీద పరీక్షలో ప్రశ్న ఎందుకు రాదో నాకు అర్థం కాదు.

దయ్యాన్ని రంగం మీద చూపాలా వద్దా అన్న చర్చ పాతదే. 1611లో లండన్‌లోని గ్లోబ్ నాటకశాలలో ఈ నాటకం చూసిన సైమన్ ఫోర్మన్ అనే వైద్యుడు, బాంక్వో దయ్యం వచ్చి మాక్‌బెత్ వెనక అతని కుర్చీలో కూర్చుందనీ, కూర్చోబోతూ వెనక్కి తిరిగినప్పుడు అతను దాన్ని చూశాడనీ రాసుకున్నాడు. మా బెంచీ మీద జరిగింది అక్షరాలా అదే. 1794లో కెంబుల్ అనే నటుడు లండన్‌లో దయ్యాన్ని తీసేసి కుర్చీని ఖాళీగా వదిలాడు. మేధావులకు ఖాళీ కుర్చీయే ఇష్టం. నేను ఒప్పుకోను. కుర్చీ ఖాళీగా కనిపిస్తే మనం విందుకొచ్చిన అతిథుల పక్షాన కూర్చుని, పాపం రాజుకు మతి చలించిందనుకుంటాం. నిండి కనిపిస్తేనే అతని పక్కన నిలబడి చోటు వెతుకుతాం.

రంగం ఎలా మొదలైందో అలా ముగియదు. హోదాల ప్రకారం కూర్చోండని మొదలైన విందు, వెళ్లే వరుస చూసుకోకండి, వెంటనే వెళ్లిపోండని రాజు భార్య లేడీ మాక్‌బెత్ తరిమేయడంతో ముగుస్తుంది. రాజరికమంటే ఎవరు ఎక్కడ కూర్చోవాలన్న వరుసే అయితే, ఆ వరుసను మొదట చెడగొట్టింది రాజును చంపినవాడే. ఈ రెండు వాక్యాల మీద ఆ ఏడాది పరీక్షలో మూడు పేజీలు రాసి 20కి 7 మార్కులు తెచ్చుకున్నాను. గైడును వల్లె వేసిన మా ఎర్ర సిరా హంతకుడికి 13 వచ్చాయి. అందుచేత మీరు పరీక్షకు మాత్రం ‘మలుపు’ అన్న మాట ఒకసారి రాయండి, ఫ్లియాన్స్ తప్పించుకోవడమే ఆ మలుపని చేర్చండి.

తక్కినవి త్వరగా చెబుతాను. మూడో రంగంలో ఇద్దరు హంతకుల దగ్గరికి చెప్పాపెట్టకుండా వచ్చే మూడోవాడు ఎవరన్నదాని మీద పండితులు చాలా కాగితం ఖర్చు చేశారు. తాను పెట్టిన మనుషుల మీదే నమ్మకం లేని యజమాని పంపిన కాపలావాడు, అంతకు మించి ఏమీ లేదు. ఐదో రంగంలో వచ్చే మంత్రగత్తెల దేవత హెకటీ మాటలు మిడిల్టన్ అనే మరో నాటకకర్త చేర్చాడని చాలామంది పండితులు అంటారు. చదివితే మీకే ఆ తేడా తెలుస్తుంది, ఒక్కసారి చదివి వదిలేయండి. ఆరో రంగాన్ని మాత్రం వదలకండి. అక్కడ లెనాక్స్, డంకన్ మీద మాక్‌బెత్ ఎంతో జాలిపడ్డాడు, పాపం అప్పటికే ఆయన చచ్చిపోయాడు, బాంక్వో మరీ పొద్దుపోయేదాకా తిరిగాడు, కావాలంటే ఫ్లియాన్సే చంపాడనుకోవచ్చు, పారిపోయాడు కదా, అంటూ ఒక్క నిందా వేయకుండా మొత్తం చెప్పేస్తాడు. రాజు నేర్పిన మర్యాద భాషను ప్రజలు ఎంత త్వరగా నేర్చుకున్నారో చూడండి. నేర్చుకోక ఏం చేస్తారు, ప్రతి ప్రభువు ఇంట్లోనూ నా డబ్బు తినే నౌకరు ఒకడున్నాడని మాక్‌బెత్ విందు చివర్లో తానే భార్యకు చెబుతాడు.

ఆ చివరి భాగం నాకు మొత్తం అంకంలోకెల్లా ఇష్టం. మా క్లాసులో అందరినీ లేపి వరండాలోకి పంపేసి, చెల్లాచెదురైన బెంచీల మధ్య నన్నూ లేడీ మాక్‌బెత్ చదివే అమ్మాయినీ మాత్రమే ఉంచారు మాస్టారు. ‘రాత్రి ఎంతైంది?’ అని నేను. ‘ఇది రాత్రో తెల్లవారో తేలనంత’ అని ఆమె. విందుకు రాని మాక్‌డఫ్ అనే ప్రభువు సంగతి నేను ఎత్తితే, అతన్ని పిలవడానికి మనిషిని పంపారా అని ఆమె ఎంతో గౌరవంగా ‘అండీ’ చేర్చి అడుగుతుంది. హత్యకు ముందు మొగుణ్ని పిరికివాడని తిట్టిన ఆమె గొంతులో ఇప్పుడు అలసట తప్ప ఇంకేమీ లేదు. నెత్తుటిలో ఇంత దూరం నడిచి వచ్చాను, వెనక్కి పోవడం కూడా ముందుకు పోయినంత కష్టమే, అని చదివి, ‘ఈ పనిలో మనమింకా పసివాళ్లమే’ అన్న ఆఖరి వాక్యం దగ్గరికి వచ్చేసరికి గంట కొట్టారు. ఎవరూ కదలలేదు.

మీ సిలబస్ అక్కడికి రెండు రంగాల తర్వాత ఆగిపోతుంది. ఆ వాక్యం చదివాక, విందుకు రాని మాక్‌డఫ్ ఇంటికి ఎవరిని పంపాడో తెలుసుకోకుండా మీరు ఎలాగూ ఉండలేరు. అది నాలుగో అంకం రెండో రంగంలో ఉంది, చదవడానికి పావుగంట పట్టదు.