కాయ దిగకముందే సర్వర్‌ను ఒకసారి ఆపి లేపు

బైరాగిపట్టెడ, తిరుపతి.

చిరంజీవి మేనల్లుడికి మామ ఆశీస్సులు.

చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కంప్యూటర్ల బాధ్యత నీకు అప్పగించారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. కాటా దగ్గర బరువు చీటీలిచ్చే డెబియన్ (లినక్స్‌లో ఒక రకం) యంత్రం ఒకటి, రైతుల టోకెన్లూ చెల్లింపుల లెక్కలూ ఉండే డెబియన్ సర్వర్ మరొకటి, బ్యాకప్ కోసం ఎప్పటినుంచో నడుస్తున్న ఫ్రీబీఎస్‌డీ (యునిక్స్ కుటుంబంలోని మరో ఆపరేటింగ్ సిస్టమ్) యంత్రం మూడోది అని నీవు పంపిన సందేశంలో చదివాను. జూన్‌లో తోతాపురి కాయ దిగడం మొదలైతే గేటు ముందు ట్రాక్టర్లు రాత్రింబవళ్లు వరుస కడతాయి. ఆ సమయంలో యంత్రం ఆగితే నిన్ను ప్రశ్నించేవాళ్లు చాలామంది ఉంటారు గానీ, నీకు జవాబు చెప్పగలిగేది లాగు, అంటే యంత్రం తన పనుల గురించి రాసుకునే చిట్టా, ఒక్కటే. కాబట్టి కరెంటు పోయి వచ్చినప్పుడు ఏయే సర్వీసులు (వెనకాల నడిచే ప్రోగ్రాంలు) వాటంతట అవే లేవాలి, లేచేటప్పుడు అవి చెప్పిన మాటలు ఎక్కడ నిలిచి ఉండాలి అనే రెండింటినీ ఇప్పుడే, తీరిక ఉన్న రోజుల్లోనే సరిచూసుకో.

నా అనుభవం ఒకటి ముందు చెబుతాను, ఎందుకంటే ఆ తర్వాత నేను చెప్పే జాగ్రత్తలన్నీ అందులోంచి పుట్టినవే. తిరుపతిలో యాత్రికులకు గదులు బుక్ చేసే ఒక కార్యాలయంలో సర్వర్ చూసుకునేవాణ్ణి. డిస్కు మీద రాతలు తగ్గిద్దామని, సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులను లేపి చూసుకునే ప్రోగ్రాం) రాసే జర్నల్ అనే లాగు ఎలాగూ ఉంది కదా అని, లాగులను సాదా ఫైళ్లలో రాసే ఆర్‌సిస్‌లాగ్‌ను నేనే తీసేశాను. ఆ జర్నల్ మెమరీలో మాత్రమే ఉంటోందని చూసుకోలేదు. బ్రహ్మోత్సవాలలో గరుడసేవ నాటి సాయంత్రం కరెంటు పోయింది, యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోయి ఉంది, యంత్రం పడి లేచింది. లేచాక బుకింగ్ ప్రోగ్రాం చక్కగా పనిచేస్తోంది, కానీ అందులో ఒక్క బుకింగ్ కూడా లేదు. జనంలోంచి దారి చేసుకుంటూ నేను కార్యాలయం చేరేసరికి అరగంట పట్టింది. అంతలో కౌంటర్‌లోని కుర్రాళ్లు ఆ ఖాళీ జాబితాలోనే కొత్త బుకింగులు రాస్తూ పోయారు. కంగారులో నేను చేసిన మొదటి పని యంత్రాన్ని మళ్లీ రీబూట్ చేయడం. ఈసారి పాత బుకింగులన్నీ తిరిగి వచ్చాయి గానీ ఆ అరగంటలో రాసినవి కనబడకుండా పోయాయి. వాటితోపాటు, మొదటిసారి లేచినప్పుడు ఏం జరిగిందో చెప్పే లాగు కూడా మెమరీలోంచి తుడిచిపెట్టుకుపోయింది.

కారణం తెలియడానికి రెండు వారాలు పట్టింది, అదీ యాదృచ్ఛికంగా. డేటా ఉండే డిస్కు వేరు. బూట్‌లో ఏయే డిస్కులు కలపాలో చెప్పే ఎఫ్‌స్టాబ్ ఫైల్లో దాని వరుసకు నోఫెయిల్ అనే మాట చేర్చి ఉంది, అంటే ఆ డిస్కు రాకపోయినా యంత్రం బూట్ అవ్వాలని అర్థం. ఆ మాట చేర్చినప్పుడు సిస్టమ్‌డీ ఆ డిస్కు కోసం మిగతా సర్వీసులను ఆపి ఉంచదు. కరెంటు హఠాత్తుగా పోవడంతో డిస్కు తనిఖీకి కొంత సమయం పట్టింది. ఈలోగా బుకింగ్ ప్రోగ్రాం లేచి, ఖాళీ ఫోల్డర్‌ను చూసి, ఇదేదో కొత్త ఇన్‌స్టలేషన్ అనుకుని అక్కడే కొత్త డేటాబేస్ సృష్టించుకుంది. తర్వాత డిస్కు మౌంట్ అయి, అంటే ఆ ఫోల్డర్‌కు కలిసి, దాని పైన కూర్చుంది. శుభ్రం చేద్దామని ఒకనాడు డిస్కును అన్‌మౌంట్ చేసినప్పుడు, దాని అడుగున ఆ అరగంట బుకింగులు పదిలంగా కనిపించాయి. మొదటి బూట్ లాగు మిగిలి ఉంటే డిస్కు మౌంట్ అయిన సమయమూ ప్రోగ్రాం లేచిన సమయమూ పక్కపక్కన కనిపించి, పది నిమిషాల్లో తేలిపోయేది.

కాబట్టి మొట్టమొదట జర్నల్ డిస్కు మీద నిలుస్తోందో లేదో చూడు. జర్నల్ రాసే జర్నల్‌డీ సెట్టింగులలో స్టోరేజ్ అనే వరుస ఆటో అని ఉంటే, వార్ లాగ్ లోపల జర్నల్ అనే ఫోల్డర్ ఉన్నప్పుడే అది డిస్కు మీద రాస్తుంది, లేకపోతే రన్ డైరెక్టరీలో, అంటే మెమరీలో, రాసుకుంటుంది. ఊహలకు వదలకుండా పర్‌సిస్టెంట్ అని స్పష్టంగా రాసి జర్నల్‌డీని రీస్టార్ట్ చెయ్యి. ఆ తర్వాత ఒకసారి రీబూట్ చేసి, జర్నల్ చదివే జర్నల్‌సీటీఎల్‌కు లిస్ట్‌బూట్స్ అనే ఆప్షన్ ఇచ్చి అడుగు. పాత బూట్‌కూ కొత్త బూట్‌కూ వేర్వేరు వరుసలు కనిపిస్తే నిలుస్తున్నట్టు. అప్పటినుంచి మైనస్ బి, మైనస్ 1 అని ఇస్తే యంత్రం పడిపోకముందు అన్న చివరి మాటలు వినిపిస్తాయి. డెబియన్ 12 నుంచి, అంటే 2023 నుంచి, కొత్త ఇన్‌స్టలేషన్లలో ఆర్‌సిస్‌లాగ్ దానంతట అది రాదు. పాత అలవాటుతో వార్ లాగ్‌లో సిస్‌లాగ్ ఫైలు వెతికి, అది లేదని బెదరకు. సాదా టెక్స్ట్ ఫైలులో గ్రెప్‌తో మాట వెతుక్కోవడంలో ఉన్న సుఖం వదులుకోలేక నేనైతే ఇప్పటికీ రెండూ ఉంచుకుంటాను.

జర్నల్ డిస్కును మింగేస్తుందేమోనన్న భయం అక్కరలేదు. దానికి డిఫాల్టుగా ఉన్న హద్దు ఆ ఫైల్‌సిస్టమ్‌లో 10 శాతం, అదీ 4 జీబీ దాటకుండా. నిజానికి నా భయం దీనికి తలకిందులుగా ఉంటుంది. ఒక పిచ్చి ప్రోగ్రాం వాగుతూ పోతే, ఆ హద్దు లోపల చోటు కోసం నెలక్రితం నాటి పనికొచ్చే లాగులు బయటకు పోతాయి. అందుకే ఒకే సర్వీసు 30 సెకన్లలో డిఫాల్టుగా 10,000 వరుసలు (డిస్కులో ఖాళీ ఎక్కువుంటే దానికి కొన్ని రెట్లు) దాటితే మిగతావి రాయకుండా, ఇన్ని వరుసలు అణచివేశాను అని జర్నల్ ఒక్క మాట రాస్తుంది. సప్రెస్డ్ అన్న ఆ మాట కంటబడితే ఆ సర్వీసు సంగతి ముందు చూడు.

లాగు చదివే పద్ధతి గురించి కూడా ఒక మాట. సిస్‌లాగ్ అనే పాత లాగు పద్ధతి కాలం నుంచి తీవ్రతకు 0 నుంచి 7 వరకు ఎనిమిది మెట్లు ఉన్నాయి. సంఖ్య చిన్నదైతే ప్రమాదం పెద్దది. 3 అంటే ఎర్రర్, 7 అంటే డీబగ్. జర్నల్‌సీటీఎల్‌కు మైనస్ పి, ఎర్ర్ అని ఇస్తే 0 నుంచి 3 వరకు ఉన్నవే వస్తాయి. అయితే ఆ మెట్టు నిర్ణయించేది ఆ ప్రోగ్రాం రాసినవాళ్లు. ప్రింటర్ దొరకలేదని ఎర్రర్ అంటూ గావుకేకలు పెట్టే సర్వీసూ ఉంటుంది, డేటా అంతా పోయినా ఇన్‌ఫో అని మెల్లగా గొణిగే సర్వీసూ ఉంటుంది. నా బుకింగ్ ప్రోగ్రాం కొత్త డేటాబేస్ సృష్టించానన్న సంగతిని ఇన్‌ఫో మెట్టులోనే రాసేది. అందుకే యంత్రం ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఒక బూట్ లాగును మొదటి నుంచి చివరిదాకా తీరిగ్గా చదువు. అందులో ఎప్పుడూ ఉండే ఎర్ర వరుసలు ఏవో తెలిసి ఉంటే, చెడిన రోజున కొత్త వరుస వెంటనే కంట్లో పడుతుంది.

ఇక సర్వీసులు. సిస్టమ్‌డీకి ఆదేశాలిచ్చే సిస్టమ్‌సీటీఎల్‌తో స్టార్ట్ చేయడం వేరు, ఎనేబుల్ చేయడం వేరు. స్టార్ట్ అంటే ఇప్పుడు లేపడం, ఎనేబుల్ అంటే ఇకపై ప్రతి బూట్‌కూ లేవమని రాసి పెట్టడం. చేత్తో స్టార్ట్ చేసి ఎనేబుల్ మరిచిపోయిన సర్వీసు నెలల తరబడి నిక్షేపంగా నడిచి, రీబూట్ అయిన రోజున మాయమవుతుంది. సిస్టమ్‌డీ ఈ తేడా గురించి నిన్ను హెచ్చరించదు. నీ ఫ్రీబీఎస్‌డీ యంత్రం ఈ విషయంలో పాతకాలపు హెడ్మాస్టరు వంటిది. ఆర్‌సీ డాట్ కాన్ఫ్ అనే సెట్టింగుల ఫైల్లో ఆ సర్వీసుకు ఎనేబుల్ యెస్ అని రాయకుండా స్టార్ట్ చేయబోతే కుదరదని చెప్పి, ఈ ఒక్కసారికే కావాలంటే వన్‌స్టార్ట్ అనమంటుంది. ఆ నిక్కచ్చితనం నాకు ఇష్టం. డెబియన్‌లో ఎనేబుల్‌కు నౌ అనే ఆప్షన్ చేర్చి రెండు పనులూ ఒకే ఆదేశంతో చేసే అలవాటు చేసుకో.

ఫ్రీబీఎస్‌డీలో ఆ ఆర్‌సీ డాట్ కాన్ఫ్ ఫైలును ఎడిటర్‌తో తెరవకు. అది షెల్ (ఆదేశాలను నడిపే ప్రోగ్రాం) చదివే ఫైలు. ఒక కోట్ గుర్తు మూయడం మరిచిపోతే బూట్ సగంలో ఆగి సింగిల్ యూజర్ మోడ్‌లోకి, అంటే మరమ్మతు స్థితిలోకి, పోవచ్చు, అప్పుడు నీవు కీబోర్డు మోసుకుని ఆ గదికి పోవలసిందే. సిస్‌ఆర్‌సీ అనే ఆదేశంతో మార్పులు చేస్తే ఆ బాధ ఉండదు. అక్కడ లాగులు రాసే సిస్‌లాగ్‌డీకి కూడా ఒక పట్టింపు ఉంది: నీవు కొత్త లాగు ఫైలు పేరు సెట్టింగులలో రాసినంత మాత్రాన అది ఆ ఫైలును తయారు చేయదు, టచ్ ఆదేశంతో ఖాళీ ఫైలును నీవే పెట్టాలి. పాత లాగులను చుట్టి పక్కన పెట్టే న్యూసిస్‌లాగ్ గంటకొకసారి క్రాన్ (వేళ ప్రకారం పనులు నడిపేది) ద్వారా నడుస్తుంది, దాన్ని దాని మానాన వదిలెయ్యి.

డెబియన్‌లో కాటా ప్రోగ్రాంకు నీవు రాయబోయే యూనిట్ ఫైలు (సర్వీసు ఎలా లేవాలో సిస్టమ్‌డీకి చెప్పే ఫైలు) దగ్గర ఎక్కువ జాగ్రత్త కావాలి. ఆఫ్టర్ అన్నది కేవలం వరుసక్రమం. ఫలానా దాని తర్వాత లేవమంటుంది తప్ప, ఆ ఫలానాది లేవకపోతే దాన్ని లేపమని చెప్పదు. వాంట్స్, రిక్వైర్స్ అన్నవి లేపమని చెబుతాయి గానీ క్రమం చెప్పవు. కాబట్టి డేటాబేస్ కావాలంటే రెండూ రాయాలి. నెట్‌వర్క్ టార్గెట్ అన్నది వచ్చినంత మాత్రాన ఐపీ అడ్రస్ దొరికినట్టు కాదు, దానికి నెట్‌వర్క్ ఆన్‌లైన్ టార్గెట్ వేరే ఉంది. డేటా వేరే డిస్కు మీద ఉంటే రిక్వైర్స్‌మౌంట్స్‌ఫర్ అనే వరుసలో ఆ దారి రాయి; డిస్కు వచ్చేదాకా ప్రోగ్రాం లేవదు, రాకపోతే అసలే లేవదు. ఆ గరుడసేవ రాత్రి ఈ ఒక్క వరుస ఉండి ఉంటే, ఖాళీ జాబితాకు బదులు ఆగిపోయిన ప్రోగ్రాం కనిపించేది, అది ఎంతో మేలు. ప్యాకేజీతో వచ్చిన యూనిట్ ఫైళ్లను మాత్రం నేరుగా దిద్దకు, అప్‌గ్రేడ్‌లో నీ దిద్దుబాట్లు పోతాయి. సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్ అంటే నీ మార్పులు ఈటీసీ ఫోల్డర్ లోపల విడిగా భద్రంగా ఉంటాయి.

పడిపోతే తిరిగి లేవమని రీస్టార్ట్ వరుసలో ఆన్‌ఫెయిల్యూర్ అని రాస్తావు, మంచిదే. కానీ రెండు ప్రయత్నాల మధ్య డిఫాల్టు విరామం 100 మిల్లీసెకన్లే, 10 సెకన్లలో 5 సార్లు ప్రయత్నించాక సిస్టమ్‌డీ చేతులెత్తేస్తుంది. డేటాబేస్ లేవడానికి మూడు సెకన్లు పట్టిందనుకో, ఆ మూడు సెకన్లు నిండేలోపే ఐదు ప్రయత్నాలూ అయిపోయి నీ ప్రోగ్రాం చచ్చిపడి ఉంటుంది. రీస్టార్ట్‌సెక్ 5 అని పెడితే ఆ పరిమితిని ఎన్నడూ తాకదు, ఓపికగా ప్రయత్నిస్తూనే ఉంటుంది. అయితే నిజంగా చెడిపోయిన ప్రోగ్రాం కూడా అలాగే రాత్రంతా లేస్తూ పడుతూ ఉంటుంది కాబట్టి ఉదయాన్నే లాగు చూడటం మానకూడదు.

అనవసరపు సర్వీసులను తీసేయాలన్న ఉత్సాహం కొత్తలో అందరికీ ఉంటుంది. డిసేబుల్ చేసినదాన్ని మరో సర్వీసు లేపవచ్చు, ఎవరూ లేపకూడదంటే మాస్క్ చెయ్యాలి. ఏది చేసినా రోజుకు ఒక్కటే చేసి, రీబూట్ చేసి చూడు.

మూడు యంత్రాల గడియారాలూ ఒకటిగా నడవాలి, అందుకు క్రోనీ (గడియారం సరిచేసే ప్రోగ్రాం) పెట్టు. 1980లలో బర్క్‌లీలో ఎరిక్ ఆల్మన్ సెండ్‌మెయిల్ అనే మెయిల్ ప్రోగ్రాం కోసం రాసిన సిస్‌లాగ్ నుంచి వచ్చిన పాత పద్ధతి వరుసలలో నెల, తేదీ, సమయం మాత్రమే ఉంటాయి, సంవత్సరమూ టైమ్‌జోనూ ఉండవు. 2009లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 5424 అనే ప్రమాణం ఈ లోటు తీర్చింది గానీ పాత వరుసలు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. నిరుటి జూన్ లాగునూ ఈ జూన్ లాగునూ కలిపి చదివి తప్పు తేల్చినవాళ్లను చూశాను. రెండు డెబియన్ యంత్రాల లాగుల నకలును ఫ్రీబీఎస్‌డీ యంత్రానికి పంపించు. ఒక యంత్రం డిస్కే పోయినా దాని చివరి మాటలు ఇంకోచోట ఉంటాయి. ఆర్‌సిస్‌లాగ్‌లో చిరునామా ముందు ఒక యాట్ గుర్తు పెడితే యూడీపీ (చేరిందో లేదో చూడని పద్ధతి), రెండు పెడితే టీసీపీ (చేరిందని సరిచూసే పద్ధతి). యూడీపీ పోర్టు 514 మీద పోయిన వరుస దారిలో రాలిపోయినా ఎవరికీ తెలియదు. అవతలి ఫ్రీబీఎస్‌డీ సిస్‌లాగ్‌డీ మాత్రం యూడీపీలోనే వింటుంది, పైగా డిఫాల్టుగా బయటివాటిని తీసుకోదు, కాబట్టి టీసీపీ కావాలంటే అక్కడ కూడా ఆర్‌సిస్‌లాగ్ వేసుకో. ఆ లాగులు అందరికీ కనబడనివ్వకు. లాగిన్ పేరు దగ్గర పొరపాటున పాస్‌వర్డ్ టైప్ చేసేవాళ్లు ఉంటారు, అది యథాతథంగా లాగులోకి ఎక్కవచ్చు.

ఉగాది అయ్యాక వచ్చే ఏదో ఒక ఆదివారం, కాటా దగ్గర ఎవరూ లేని సమయంలో, బ్యాకప్ తీసుకున్నాక యూపీఎస్‌తో సహా కరెంటు తీసి, పది నిమిషాలు ఆగి, మళ్లీ ఇవ్వు. నీవు కీబోర్డు ముట్టకుండా మూడు యంత్రాలూ లేచి చీటీ ప్రింట్ అయ్యేదాకా ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకో. లేవనిది ఏదైనా ఉంటే దాన్ని వెంటనే చేత్తో లేపవద్దు, ఆ బూట్ లాగును ముందు ఒక ఫైల్లోకి దించి నాకు పంపు. రాత్రి భోజనాలయ్యాక ఇద్దరం ఫోనులో కూర్చుని వరుసవారీగా చదువుదాం.

ఇట్లు,
మీ మామ