ద్రాక్షకు నూనెల స్ప్రే: ముందు ఏ తెగులో తేల్చుకోండి

ద్రాక్ష ఆకులకు తెల్లగా బూజు పడుతోంది, రసాయన మందులు లేకుండా వాము, లవంగ నూనెలతో ఆపొచ్చా అని అడిగారు. అది బూడిద తెగులైతే, మొదట్లోనే పట్టుకుంటే చాలావరకు ఆపొచ్చు. నా తీగలకు నేను అలాగే చేస్తున్నాను.

ఆకు పైన పిండి చల్లినట్టుండి, వేలితో తుడిస్తే పోతుంటే అది బూడిద తెగులే. పైన నూనె మరకలాంటి పసుపు మచ్చ, సరిగ్గా దాని కింద ఆకు అడుగున తెల్లటి నూగు ఉంటే మాత్రం అది డౌనీ మిల్‌డ్యూ అనే వేరే తెగులు. బూడిద తెగులు బూజు దాదాపు అంతా ఆకు మీదే పాకుతుంది, కాబట్టి నూనె దానికి నేరుగా తగులుతుంది. వాము నూనెలోని థైమాల్, లవంగ నూనెలోని యూజెనాల్ బూజు కణాల పైపొరను దెబ్బతీస్తాయి. డౌనీ అలా కాదు, పత్రరంధ్రాల్లోంచి, అంటే ఆకుకుండే సన్నని రంధ్రాల్లోంచి లోపలికి దూరిపోతుంది. ఆ తర్వాత పైపైన ఎన్ని నూనెలు కొట్టినా దండగే. దానికి నేను వానలకు ముందే బోర్డో మిశ్రమం (మైలతుత్తం, సున్నం నీళ్లలో కలిపిన మందు) కొడతాను.

అసలు కష్టమంతా కలపడంలోనే ఉంది. నూనె నీళ్లలో కలవదు, పైకి తేలుతుంది. అలాగే కొడితే కొన్ని ఆకుల మీద ఉత్త నీళ్లు, కొన్నింటి మీద చిక్కటి నూనె పడి అంచులు గోధుమరంగుకు మాడిపోతాయి. పాలీసార్బేట్ లాంటి ఎమల్సిఫైయర్‌తో (నూనెను నీళ్లలో కలిసేలా చేసే పదార్థం) నూనెను ముందు బాగా కలిపి, ఆ తర్వాత కొద్దికొద్దిగా నీళ్లు పొయ్యండి. పాలలా తెల్లగా మారాలి. కొడుతున్నంతసేపూ డబ్బాను కదుపుతూ ఉండాలి. నేను లీటరుకు 1 మి.లీ. నూనెతో మొదలుపెడతాను. ముందు నాలుగైదు ఆకుల మీద కొట్టి రెండు రోజులు చూడండి. లేత చిగుళ్లు త్వరగా మాడతాయి, వాటినీ అందులో చేర్చండి.

మండే ఎండలో వద్దు, సాయంత్రం కొట్టండి. గంధకం కొట్టి ఉంటే కనీసం రెండు వారాలు ఆగాలి, రెండూ కలిస్తే ఆకు కాలుతుంది.

ఈ నూనెలు త్వరగా ఆవిరైపోతాయి, ఒకసారి కొట్టి నిశ్చింతగా ఉండలేం. తెగులు తిరిగే రోజుల్లో వారానికోసారైనా కొట్టాలి. అంతకన్నా ముందు గుత్తుల చుట్టూ ఒత్తుగా ఉన్న ఆకులు కొన్ని తీసేయండి. బూడిద తెగులుకు ఆకు తడవక్కర్లేదు, నీడ, గాలాడని చోటు చాలు. నూనె పడని ఆకు అడుగునా అది హాయిగా పెరుగుతుంది.

కాయలు రంగు తిరిగాక నేను నూనెలు ఆపేస్తాను. పండు మీదుండే మైనపు పొర చెదిరిపోతుంది, లవంగం వాసన కూడా అంటుకుంటుంది.