స్నాప్‌షాట్ ఉందని నిద్రపోకే బుజ్జమ్మా

బుజ్జమ్మకు,

నువ్వు ల్యాబ్ సర్వర్ ఒక్కదానివే చూసుకుంటున్నావని నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నా తల్లే అనుకున్నాను. “గంటగంటకీ స్నాప్‌షాట్ పడుతుంది, ఇక బ్యాకప్ టెన్షన్ లేదు” అన్నావట. అది విన్నాక నిద్ర పట్టలేదు.

తీసిన క్షణంలో డేటా ఎలా ఉందో గుర్తుపెట్టుకునే ఆ స్నాప్‌షాట్ ఉన్నది అసలు డేటా ఉన్న డిస్కులోనే కదే పిచ్చిదానా! డిస్కులో ఫైళ్లని సర్దే జెడ్‌ఎఫ్‌ఎస్ దాన్ని క్షణంలో తీస్తుంది, మొదట్లో చోటూ తినదు. డేటా మారేకొద్దీ పాత బ్లాకులు, అంటే పాత డేటా ముక్కలు, అట్టేపెడుతుంది, అంతే. పొరపాటున చెరిపిన ఫైలుకి అది బంగారం. డిస్కులు పోతే అదీ పోతుంది. పాత మెషీన్‌లో డిస్కుల చోటు పంచిపెట్టే ఎల్‌వీఎం ఉందన్నావు. అక్కడ స్నాప్‌షాట్‌కి ఇచ్చిన చోటు నిండితే అది పనికిరాదు. బ్యాకప్ అయ్యేదాకా ఉంచి తీసెయ్. డేటాబేస్‌కి విడిగా డంప్ తియ్యి, అంటే అందులోని సమాచారమంతా ఓ ఫైలులోకి.

ఫోల్డర్లకి నకలు తీసే ఆర్‌సింక్ దగ్గర మాత్రం ఆగి చదువు. 2012లో మన ఊరి ఫొటో స్టూడియో సర్వర్ నేనే చూసేవాణ్ణి. రాత్రి రెండింటికి ఆర్‌సింక్, దానికి డిలీట్ ఆప్షన్. అసలులో లేనిది నకల్లోనూ ఉండకూడదని నా శుభ్రత పిచ్చి. అప్పటి కరెంటు కోతలు నీకూ గుర్తుండే ఉంటాయి. ఓ రాత్రి కరెంటు పోయి వచ్చింది. మెషీన్ లేచింది, ఫొటోల డిస్కు లేవలేదు. డిస్కు మౌంట్ కాలేదు, అంటే తన ఫోల్డర్‌కి తగులుకోలేదు, అందుకే ఆ ఫోల్డర్ ఖాళీగా ఉంది. ఆర్‌సింక్ దృష్టిలో అందులో తప్పేముంది? నకలునూ ఖాళీ చేసేసింది. పొద్దున లాగ్ తెరిస్తే ‘డిలీటింగ్’ అన్న మాట పక్కన పెళ్లికూతుళ్ల పేర్లు, వరసగా. ఓనరు తిట్టలేదు. “కెమెరా కార్డులు కూడా ఫార్మాట్ చేసేశాం కదండీ” అన్నాడు, అంతే.

నీ ఓణీల ఫంక్షన్ ఫొటోలు స్టూడియోవాళ్లు పోగొట్టారని మీ అమ్మ ఇప్పటికీ అంటుంది చూడు. పోగొట్టింది నేనే. ఆ లాగ్‌లో నీ పేరూ ఉంది.

కాబట్టి స్క్రిప్టులో ముందు డిస్కు మౌంట్ అయిందో లేదో చూడు, కాకపోతే అక్కడే ఆపెయ్. ఆర్‌సింకే వాడతానంటే లింక్‌డెస్ట్ అనే ఆప్షన్ పెట్టు. రోజుకో ఫోల్డర్ వస్తుంది, మారని ఫైళ్లు హార్డ్‌లింకులే, అంటే ఉన్న ఫైలుకే ఇంకో పేరు, కాబట్టి చోటు పెద్దగా పెరగదు. ఆ నకళ్లలో దిద్దుబాట్లు చెయ్యకు, ఒకచోట దిద్దితే అన్ని రోజులవీ మారతాయి. నన్నడిగితే జెడ్‌ఎఫ్‌ఎస్‌లోని సెండ్ కమాండే మేలు. లక్షల ఫైళ్లు వెతుక్కోకుండా మారిన బ్లాకులే పంపుతుంది. అవతలి మెషీన్‌లోనూ జెడ్‌ఎఫ్‌ఎస్ ఉండాలి మరి.

కసిరానని అలగకు. ఆదివారం లాప్‌టాప్ తీసుకుని రా. నేను చెప్పిన పాత ఫోల్డర్ ఒకటి బ్యాకప్ నుంచి నా ఎదురుగా తియ్యాలి. ఫొటోల సంగతి మీ అమ్మకి నేనే చెబుతాను, నువ్వు పక్కనుండు.

మీ పెదనాన్న