సంకర పెయ్యకు మళ్లీ హెచ్‌ఎఫ్ సూదేనా? – సమాధానం

పర్వతగిరి మిత్రునికి నమస్కారం. మీ హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్ అనే విదేశీ పాడి జాతి) సంకర ఆవుకు పుట్టిన పెయ్య ఎండలకు రొప్పుతోందని, రెండు సూదులు (కృత్రిమ గర్భధారణ) వేయించినా చూడి కట్టలేదని రాశారు. నాటు ఆవుకు పుట్టిన తల్లిలో విదేశీ రక్తం 50 శాతం ఉండగా, దానికీ హెచ్‌ఎఫ్ వీర్యమే వేయించినందువల్ల పెయ్యలో అది 75 శాతమైంది. 40 డిగ్రీలు దాటే వరంగల్ వేసవికి, నా దృష్టిలో, అది ఎక్కువే. ముందుగా డాక్టరుచేత గర్భసంచి పరీక్ష చేయించి, ఆ తరువాత సగం విదేశీ రక్తమున్న సంకర కోడె వీర్యం అడిగితే దూడలో 62.5 శాతానికి దిగుతుంది. స్ట్రా (వీర్యం నింపిన సన్నని గొట్టం) మీద అచ్చయిన కోడె నంబరును (నేనూ ఒకప్పుడు చూడకుండానే పారేసేవాణ్ణి) తప్పక రాసిపెట్టుకోండి. పెయ్య తండ్రి నంబరే మళ్లీ వస్తే వద్దనండి, ఎందుకంటే తండ్రీబిడ్డల కలయికతో దాగి ఉన్న జన్యులోపాలు దూడలో బయటపడే అవకాశం పెరుగుతుంది.